రేవులో నలభై వాట్లు

సంగమేశ్వరం దగ్గర ఒడ్డు ఒక్కచోట నిలవదు. కృష్ణకు వరదొచ్చి శ్రీశైలం జలాశయం నిండు మట్టం 885 అడుగులకు చేరితే గుడి శిఖరంతో సహా నీళ్ళలో మునిగిపోతుంది. నీళ్ళు తగ్గుతూ తగ్గుతూ గుడి మళ్ళీ బయటపడేనాటికి, వానాకాలంలో పడవ కట్టేసిన గుంజ ఎక్కడో పైన ఎండిన ఒండ్రులో ఒంటరిగా మిగిలి ఉంటుంది. నీళ్ళ వెంబడి మనుషులూ దిగుతారు, ఎక్కుతారు. ఇక్కడి జాలర్లతోపాటు కోస్తా జిల్లాల నుంచి వలసొచ్చిన వాళ్ళూ నెలల తరబడి రేవుల్లో గుడిసెలు వేసుకుని ఉంటారు. 2022 నుంచి ఇది నంద్యాల జిల్లా. నోటికి మాత్రం ఇప్పటికీ కర్నూలే వస్తుంది.

అట్లాంటి ఒక రేవులో ఇంజిన్ బోటు నడిపే ఆయన అడిగాడు: "బోటులో టీవీ పెట్టుకుందామనుకుంటాండాం సార్. టీవీ తెచ్చుకుంటాం, అదేం పెద్ద పని కాదు. కరెంటు యాడ్నుంచి తేవల్ల?"

నవ్వి ఊరుకునే ప్రశ్నలా కనిపిస్తుంది గానీ కాదు. రాత్రి వల వేసి తెల్లారి తీసేదాకా పడవలోనో పడవ పక్కనో గడిపే మనిషికి క్రికెట్టో సినిమానో వార్తలో చూడాలనిపించడంలో వింత లేదు. విదేశాల్లో పడవలు ఆగే రేవుల్లో స్తంభానికి ప్లగ్గు ఉంటుంది, తాడు కట్టి తీగ పెట్టేస్తారు. మనకు ఒడ్డే కదిలిపోతుంది. కరెంటు స్తంభం పాతితే ఆగస్టులో మునుగుతుంది, మేలో మైలు దూరం పోతుంది. కాబట్టి పడవకు కావలసిన కరెంటు పడవలోనే పుట్టాలి, లేదా పడవలోనే దాచి ఉంచాలి.

ఇందులో ఒక వెక్కిరింపు ఉంది. పడవ తేలుతున్న నీళ్ళే దిగువకు పోయి శ్రీశైలం కుడిగట్టున 770 మెగావాట్ల, ఎడమగట్టున 900 మెగావాట్ల కేంద్రాలను తిప్పుతాయి. ఈ బోటాయన టీవీ నాలుగు గంటలు ఆడటానికి ఆ నీళ్ళలో ఎన్ని కావాలో లెక్క వేశాను. టీవీ, సెట్‌టాప్ బాక్సు కలిపి 40 వాట్లు అనుకుందాం. నాలుగు గంటలకు 160 వాట్-గంటలు. నీళ్ళు 90 మీటర్ల ఎత్తు నుంచి పడుతున్నాయనుకుని, యంత్రాల్లో పోయే పదోవంతు తీసేస్తే, సుమారు 725 లీటర్లు. నాలుగు డ్రమ్ముల నీళ్ళు! ఆయన పడవ కింద కోట్ల డ్రమ్ములున్నాయి. కానీ అక్కడ పుట్టిన కరెంటు అక్కడికి రాదు.

అన్నిటికన్నా ముందు తేల్చుకోవలసింది టీవీకి నిజంగా ఎంత కావాలన్నది. టీవీ అనగానే 230 వోల్టుల ప్లగ్గు గుర్తొస్తుంది గనుక, టీవీ 230 వోల్టులతో నడుస్తుందనే అనుకుంటాం. లోపల ఒక్క భాగం కూడా ఆ వోల్టేజీతో నడవదు. తెర వెనక వెలిగే ఎల్ఈడీలు, బొమ్మను విప్పే చిప్పులు, స్పీకరును ఆడించే సర్క్యూటు అన్నీ తక్కువ వోల్టుల డీసీతోనే పనిచేస్తాయి. గోడ నుంచి వచ్చిన ఏసీని తగ్గించి డీసీగా మార్చే పని టీవీలోపలి పవర్ బోర్డుదో, తీగ మధ్యలో వేలాడే నల్ల అడాప్టరుదో. ఆ అడాప్టరును తిరగేసి చూడండి. ఇన్‌పుట్ అన్నచోట 100–240 వోల్టులు అని, ఔట్‌పుట్ అన్నచోట 12 వోల్టులు 3 ఆంపియర్లు అనో, 19 వోల్టులు 2 ఆంపియర్లు అనో ఉంటుంది. ఈ రెండో అంకె మీదే కథంతా నడుస్తుంది. 12 అని ఉంటే మీ టీవీ పడవ కోసమే పుట్టినట్టు. 19 అని ఉంటే ఇంకో చిన్న పెట్టె కావాలి. అడాప్టరే లేకుండా ప్లగ్గు తీగ నేరుగా టీవీలోకి పోతే అది పడవకు పనికొచ్చే సెట్టు కాదు.

ఇందులో కొత్తదనమేమీ లేదు. 1975 ఆగస్టు నుంచి ఏడాదిపాటు ఏటీఎస్-6 అనే అమెరికా ఉపగ్రహం సాయంతో మన దేశంలో ఆరు రాష్ట్రాల్లో 2,400 పల్లెలకు టీవీ చూపించారు. అందులో తెలుగు పల్లెలూ ఉన్నాయి. కోళ్ళగూటికి వేసే జాలీతో చేసిన మూడు మీటర్ల గొడుగు పెట్టారు, కరెంటు లేని కొన్ని ఊళ్ళలో సెట్లను బ్యాటరీతోనే నడిపారు. ఆ తరవాత 1987 జనవరిలో ఆదివారాల రామాయణం మొదలైంది. చిన్న బ్లాక్ అండ్ వైట్ సెట్ల వెనక 12 వోల్టుల రంధ్రం ఒకటి ఉండేది. సరిగ్గా తొమ్మిదిన్నరకు కరెంటు పోతే, ట్రాక్టరు బ్యాటరీ విప్పి అరుగు మీద పెట్టి రెండు క్లిప్పులు తగిలించిన ఊళ్ళు సీమలో కొల్లలు. పొలం పని సోమవారం చూసుకోవచ్చు. ఆ రెండు క్లిప్పుల తెలివే ఈ రోజు పడవకూ కావాలి. మధ్యలో దాన్ని మరిచిపోయాం, అంతే.

ఇక మార్గాలు. అందరికీ మొదట తోచేది జనరేటరు. పెళ్ళిళ్ళకు, జాతరలకు అద్దెకు తెచ్చే చిన్న పెట్రోలు జనరేటరు లోడు ఎంత తక్కువైనా గంటకు అర లీటరు దాకా తాగుతుంది. ఇంజిన్ తిరగడానికే ఆ ఖర్చు. నాలుగు గంటలకు రెండు లీటర్లు. లీటరు పెట్రోలులో సుమారు 9 యూనిట్ల శక్తి ఉంటుంది, అంటే 18 యూనిట్లు కాల్చి 0.16 యూనిట్ వాడుకున్నాం. నూటికి ఒక వంతు కన్నా తక్కువ. మిగతాదంతా వేడి, పొగ, చప్పుడు. పైకప్పు వేసిన బోటులో ఆ పొగలోని కార్బన్ మోనాక్సైడ్ వాసన లేకుండా మనిషిని పడుకోబెడుతుంది, మళ్ళీ లేవనివ్వదు. ఇంత చెప్పాక దాన్ని గురించి ఇంకేమీ చెప్పక్కర్లేదు.

రెండోది ఇన్వర్టరు. మన ఇళ్ళన్నిట్లో ఉండేదే గనుక జనం మనసు దీని మీదికే పోతుంది. బ్యాటరీ పెట్టి, ఇన్వర్టరు పెట్టి, టీవీ ప్లగ్గు గుచ్చితే బొమ్మ వస్తుంది, నిజమే. కానీ లోపల ఏం జరుగుతోందో చూడండి. బ్యాటరీలో ఉన్నది 12 వోల్టుల డీసీ. ఇన్వర్టరు దాన్ని 230 వోల్టుల ఏసీ చేస్తుంది. అడాప్టరు మళ్ళీ దాన్ని 12 వోల్టుల డీసీ చేస్తుంది. బియ్యం పిండి ఆడించి, ఆ పిండిని మళ్ళీ బియ్యం చేయమన్నట్టు. ప్రతి మార్పులోనూ కొంత రాలిపోతుంది. 40 వాట్ల పనికి అడాప్టర్లు 47 వాట్లు అడుగుతాయి. అంత చిన్న లోడు మీద ఇన్వర్టరు సామర్థ్యం 80 శాతం అనుకుంటే బ్యాటరీ మీద పడేది 59 వాట్లు. నాలుగు గంటలకు 236 వాట్-గంటలు. నేరుగా డీసీ నుంచి డీసీకే మార్చుకుంటే 172తో సరిపోయేది.

అసలు దెబ్బ ఇది కూడా కాదు. టీవీ ఆపేసినా ఇన్వర్టరు ఆపకపోతే అది ఖాళీగా కూర్చుని తింటూనే ఉంటుంది. ఇంట్లో వాడే పెద్ద ఇన్వర్టర్లలోని ట్రాన్స్‌ఫార్మరు ఏ లోడూ లేకుండానే 15 వాట్లు లాగడం మామూలే. టీవీ చూడని ఇరవై గంటల్లో 300 వాట్-గంటలు! టీవీ కన్నా, టీవీ చూడకపోవడం ఎక్కువ ఖర్చవుతుంది. చవక ఇన్వర్టర్లలో ఇంకో చిక్కు: అవి ఇచ్చే ఏసీ నునుపైన అలలా కాకుండా మెట్లుమెట్లుగా ఉంటుంది. టీవీ అడాప్టర్లు చాలావరకు దాన్ని భరిస్తాయి గానీ వేడెక్కుతాయి, స్పీకరులో సన్నని రొద వినబడుతుంది.

మూడోది, నేను బోటాయనకు చెప్పినది, 12 వోల్టుల నుంచి నేరుగా టీవీకి పోవడం. ఇందులో మెలకువలు కొన్ని ఉన్నాయి. వాటిని తెలుసుకోకుండా రెండు తీగలు తగిలించినవాళ్ళు సెట్లు కాల్చుకుని, "డీసీ మంచిది కాదు" అని తేల్చేస్తుంటారు.

12 వోల్టుల బ్యాటరీ 12 వోల్టుల దగ్గర ఉండేది చాలా తక్కువసేపు. సీసం-ఆమ్లం బ్యాటరీలో ఆరు అరలుంటాయి, ఒక్కొక్కటి రెండు వోల్టుల పైచిలుకు. 1859లో గాస్టన్ ప్లాంటే అనే ఫ్రెంచాయన మొదటిసారి చేసినప్పటి నుంచీ ఆ రసాయనం మారలేదు. నిండుగా ఉండి ఊరికే ఉంటే 12.7, సగం దిగితే 12.2, అడుగంటితే 11.8. ఇంజిన్ నడుస్తూ చార్జి ఎక్కిస్తుంటే 14.4 దాకా పోతుంది. ఇంకా ప్రమాదకరమైనది, చార్జి ఎక్కుతుండగా బ్యాటరీ క్లిప్పు ఊడిపోతే ఆల్టర్నేటరు క్షణంలో చిన్న భాగంపాటు వంద వోల్టులకు దగ్గరగా ఎగదన్నగలదు. లారీ ఇంజిన్ బిగించిన పెద్ద లాంచీల్లో అయితే బ్యాటరీలు రెండు వరసగా కట్టి 24 వోల్టులే ఉంటాయి. 12 వోల్టుల టీవీని దానికి తగిలిస్తే ముందు వాసనొస్తుంది, తరవాత పొగొస్తుంది.

కాబట్టి మధ్యలో ఒక డీసీ-డీసీ కన్వర్టరు ఉండాలి. అరచేతిలో పట్టే పెట్టె. లోపలికి 9 నుంచి 30 వోల్టుల దాకా ఏది వచ్చినా బయటికి కచ్చితంగా 12 ఇచ్చేది దొరుకుతుంది. టీవీకి 19 కావాలంటే 19 ఇచ్చేదీ ఉంటుంది. కరెంటును చాలా వేగంగా కోసి, తీగచుట్టలో దాచి, మళ్ళీ పోయడం దాని పని. అందులో పోయేది నూటికి ఏడెనిమిది వంతులే. టీవీ తీసుకునే కరెంటుకు ఒకటిన్నర రెట్లు తట్టుకునేది కొనాలి. ప్లస్సూ మైనస్సూ తారుమారు చేస్తే మాత్రం ఏ పెట్టే కాపాడదు. పిన్ను లోపలిది ప్లస్సా బయటిదా అన్నది అడాప్టరు మీద చిన్న బొమ్మగా వేసి ఉంటుంది, అద్దాలు పెట్టుకునైనా చూడండి.

ఇక తీగ. దీని దగ్గర ఆగి చెప్పాలి, ఎందుకంటే తప్పు జరిగేది ఎక్కువగా ఇక్కడే. ఇంట్లో 40 వాట్లకు తీగలో పారేది 0.17 ఆంపియరు. అదే 40 వాట్లు 12 వోల్టుల దగ్గర 3 ఆంపియర్లు దాటుతాయి, అంటే ఇరవై రెట్లు. తీగలో పోయే వోల్టేజీ కరెంటుతో పెరుగుతుంది, వేడి రూపంలో పోయే నష్టమైతే కరెంటు వర్గంతో పెరుగుతుంది. చదరపు మిల్లీమీటరు మందం ఉన్న రాగి తీగ మీటరుకు 18 మిల్లీ ఓములు. బ్యాటరీ వెనక ఇంజిన్ దగ్గర, టీవీ ముందు గదిలో, దూరం పది మీటర్లు అనుకోండి. పోను పది, రాను పది. మొత్తం 0.36 ఓములు. మూడున్నర ఆంపియర్ల మీద ఒకటింబావు వోల్టు తీగలోనే ఆవిరి. సగం దిగిన బ్యాటరీ 12.2 ఇస్తే అటు చివర మిగిలేది 10.9. మధ్యలో కన్వర్టరు లేకపోతే టీవీ రెప్పలు కొట్టి ఆరిపోతుంది. జనం "బ్యాటరీ పోయింది" అంటారు. పోయింది బ్యాటరీ కాదు, తీగ ధరలో మిగుల్చుకున్న వంద రూపాయలు. నాలుగు చదరపు మిల్లీమీటర్ల తీగ వేస్తే నష్టం వోల్టులో మూడోవంతు దాటదు. లేదంటే బ్యాటరీనే టీవీ కిందికి జరపండి.

దూరాలకు కరెంటు పంపడానికి డీసీనా ఏసీనా అని 1880ల్లో అమెరికాలో ఎడిసన్ ఒకవైపు, వెస్టింగ్‌హౌస్, టెస్లా ఒకవైపు కొట్టుకున్నారు. ఎడిసన్ ఓడింది ఈ తీగ లెక్క దగ్గరే. కానీ పుట్టేచోటుకూ వాడేచోటుకూ మధ్య కొన్ని మీటర్లే ఉన్న పడవలో ఎడిసన్‌దే గెలుపు.

బ్యాటరీ దగ్గరికొస్తే, ఇంజిన్ స్టార్టు చేసే బ్యాటరీ వేరు, టీవీ నడిపే బ్యాటరీ వేరు. చూడటానికి అన్నదమ్ముల్లా ఉంటాయి. స్టార్టింగ్ బ్యాటరీ లోపల పలకలు పలచగా, ఎక్కువగా ఉంటాయి. రెండు క్షణాలపాటు వందల ఆంపియర్లు తోసి ఊరుకోవడానికి చేసిన పహిల్వాన్ అది. దాన్ని రోజూ నాలుగు గంటలు కొంచెం కొంచెంగా సగం దాకా దించితే కొన్ని నెలల్లో చచ్చిపోతుంది. అదీగాక, రాత్రంతా సినిమా చూసి తెల్లారి జలాశయం నడిమధ్య ఇంజిన్ తిరగకపోతే పరిస్థితి ఏమిటి? చేత్తో తిప్పి స్టార్టు చేసే చిన్న డీజిల్ ఇంజిన్ల బోట్లకు ఈ బాధ లేదు. వాటికి బ్యాటరీయే ఉండదు, చార్జి చేసే ఆల్టర్నేటరూ ఉండదు.

టీవీకి కావలసింది ఇన్వర్టర్లలో వాడే ట్యూబులర్ రకం, మందమైన పలకలది. దాన్నీ సగానికి మించి దించకూడదన్నది సూత్రం. మనకు రోజుకు 172 వాట్-గంటలు, అంటే పద్నాలుగున్నర ఆంపియర్-గంటలు. సగమే వాడతాం గనుక 30, మబ్బు పట్టిన ఒక రోజుకు ఇంకో అంత. మొత్తం 60 ఆంపియర్-గంటల బ్యాటరీ హాయిగా సరిపోతుంది. ఇంట్లో ఉన్న 150 బ్యాటరీ ఎత్తుకుపోతానంటే దాని బరువు ఒక మనిషి బరువుతో సమానం. బోటు మోస్తుంది, పుట్టి మోయదు. వెదురు అల్లి పైన ఒకప్పుడు తోలు, ఇప్పుడు ప్లాస్టిక్ పట్టా తొడిగే గుండ్రటి పుట్టిలో టీవీ గురించి ఆలోచించడమే వృథా. ఆ సంగతి కాసేపట్లో డిష్ దగ్గర ఇంకా బాగా తెలుస్తుంది.

సీమలో బ్యాటరీకి శత్రువు చలి కాదు, ఎండ. సీసం బ్యాటరీ ఆయుష్షును 25 డిగ్రీల దగ్గర లెక్కకట్టి చెబుతారు. అక్కడి నుంచి ప్రతి పది డిగ్రీలకూ ఆయుష్షు ఇంచుమించు సగమవుతుంది. ఏప్రిల్, మే నెలల్లో కర్నూలు, నంద్యాల, కడపల్లో 43, 44 డిగ్రీలు మామూలు. రేకు కప్పిన బోటులో, ఇంజిన్ పక్కన పెట్టిన బ్యాటరీ వేడి ఇంకా ఎక్కువ. నాలుగేళ్ళు వస్తుందన్నది రెండేళ్ళకే మూలపడితే కొట్టువాడిని తిట్టి లాభం లేదు. నీళ్ళకు ఆనుకుని ఉండే పడవ అడుగుభాగం అన్నిటికన్నా చల్లని చోటు. బ్యాటరీని అక్కడ, తడవకుండా పెట్టెలో, గాలి ఆడేటట్టు పెట్టాలి. గాలి ఎందుకంటే చార్జి ఎక్కుతున్నప్పుడు సీసం బ్యాటరీ హైడ్రోజన్ వదులుతుంది. దాని పక్కన బీడీ ముట్టించకూడదు.

లిథియం ఐరన్ ఫాస్ఫేట్ అనే కొత్త రకం ధర ఎక్కువే. 1990ల్లో జాన్ గుడెనఫ్ బృందం దాని పదార్థాన్ని కనుక్కుంది, ఆయనకు 2019లో నోబెల్ వచ్చింది. నాలుగు సెల్లులు కలిస్తే 12.8 వోల్టులు. సగమే కాకుండా ఎనభై శాతం దాకా దించవచ్చు, రెండు వేలసార్లకు పైగా చార్జి చేయవచ్చు, బరువు సీసంలో మూడోవంతు. గడ్డకట్టే చలిలో చార్జి చేయకూడదని దాని మీద హెచ్చరిక రాసి ఉంటుంది. సీమలో ఆ భయం పెట్టుకోనక్కర్లేదు. డబ్బు సర్దుకోగలిగితే నా ఓటు దీనికే.

చార్జి ఎక్కడిది? ఇక్కడ మాత్రం సీమకు దేవుడు అన్యాయం చేయలేదు. ఓర్వకల్లు వైపు గని, శకునాల గ్రామాల దగ్గర 5,900 ఎకరాలకు పైగా నేల మీద 1,000 మెగావాట్ల సోలార్ పార్కు 2017 నుంచి నడుస్తోంది. కడప జిల్లా మైలవరం దగ్గర ఇంకో పార్కు వచ్చింది. వానకు మొహం వాచిన నేలే ఎండను అమ్ముకుంటోంది. 1,000 మెగావాట్లంటే మన బోటు టీవీల్లాంటివి రెండున్నర కోట్లు. బోటాయనకు అందులో రెండున్నర కోట్లలో ఒక్క వంతు చాలు.

వంద వాట్ల పలక ఒకటి బోటు కప్పు మీద పడుకోబెడితే, ఇక్కడి ఎండకు తీగలు, వేడి, దుమ్ము కింద పోయేవి తీసేసి రోజుకు 400 వాట్-గంటల దాకా వస్తుంది. కావలసింది 172. మిగిలినదానితో లైట్లు, ఫోన్లు. పలకను ఏటవాలుగా నిలబెట్టాలని పట్టుబట్టకండి. కర్నూలు భూమధ్యరేఖకు దాదాపు 16 డిగ్రీల ఉత్తరాన ఉంది, కాబట్టి చదునుగా పడుకోబెడితే పోయేది కొంచెమే. పడవ ఎటు తిరిగినా పలకకు తేడా ఉండదు, గాలికి ఎగరదు. ఎండ ఎక్కువైతే కరెంటూ ఎక్కువ వస్తుందనుకోవడం సగమే నిజం. పలక 25 డిగ్రీలు దాటాక ప్రతి డిగ్రీకీ నూటికి 0.4 వంతు చొప్పున జావగారిపోతుంది. మే నెలలో పలక 60 డిగ్రీలు దాటితే ఏడోవంతు గల్లంతు. కింద రెండు మూడు అంగుళాలు ఖాళీ ఉంచితే నీళ్ళ మీది గాలి దాన్ని చల్లబరుస్తుంది. ఇంకో సంగతి, వల ఆరేసిన గుంజ నీడ సన్నగా ఒక్క గీతలా పడినా దెబ్బే. పలకలో సెల్లులన్నీ ఒకే వరసలో కట్టినవి, ఒక్కటి అడ్డం పడితే దాని వెనకవన్నీ ఆగుతాయి. ఆగస్టు, సెప్టెంబరుల్లో ముసురు పట్టినప్పుడు వంద వాట్-గంటలే రావచ్చు. ఆ రోజు మ్యాచ్ ఒక్క ఇన్నింగ్సే.

ఇప్పుడు అసలు భయం. 230 వోల్టులను పడవలోకి రానివ్వకండని నేను చెప్పడానికి నష్టాల లెక్క ఒక్కటే కారణం కాదు. మంచినీళ్ళలో కరెంటు సముద్రంలో కన్నా ఎక్కువ ప్రమాదం. ఉప్పునీళ్ళు కరెంటును బాగా పారనిస్తాయి గదా, అక్కడే ఎక్కువ భయం ఉండాలి అనిపిస్తుంది. జరిగేది తిరగబడి ఉంటుంది. సముద్రపు నీరు మనిషి ఒంటికన్నా పదిరెట్లు మెరుగైన వాహకం. అందులో కరెంటు లీకైతే చాలావరకు నీళ్ళలోనే చుట్టూ పారిపోతుంది, మనిషిని పెద్దగా పట్టించుకోదు. నది నీరు, జలాశయం నీరు మనిషి ఒంటికన్నా పదిరెట్లు తక్కువ వాహకం. లోపల రక్తం, ఉప్పు నిండిన మన ఒళ్ళే అక్కడ కరెంటుకు రాచబాట. పడవ ఇనుప అంచుకు లీకైన తీగ తగిలి, పక్కన ఒకడు ఈతకొడుతుంటే, అతని ఒంట్లో ఇరవై మిల్లీ ఆంపియర్లు పారితే చాలు, కండరాలు బిగుసుకుపోతాయి. గుండె ఆగకపోవచ్చు, కానీ చేతులు ఆడవు. మునిగిపోతాడు. చూసినవాళ్ళకు ఈత రాక పోయాడనే అనిపిస్తుంది.

ఇంట్లోలాగా లీకేజీకి తెగిపోయే ఆర్‌సీసీబీ పెట్టుకుంటామనవచ్చు. అది పనిచేయాలంటే కరెంటుకు భూమి ద్వారా వెనక్కి పోయే దారి ఉండాలి. చిన్న ఇన్వర్టర్లలో బయటికొచ్చే రెండు తీగల్లో ఏదీ భూమికి కట్టి ఉండదు, పడవకు భూమే లేదు. తెగుతుందన్న నమ్మకం పెట్టుకోలేం. 12 వోల్టులతో ఈ బెడద లేదు, తడిచేత్తో పట్టుకున్నా మనిషిని చంపేంత కరెంటు తోయలేదు. అయితే అది నిప్పు పెట్టగలదు. రెండు తీగలు కలిస్తే బ్యాటరీ వందల ఆంపియర్లు కక్కి తీగను ఎర్రగా కాలుస్తుంది. అందుకే ప్లస్సు తీగకు, బ్యాటరీకి జానెడు దూరంలోనే, అయిదు ఆంపియర్ల ఫ్యూజు ఒకటి. టీవీ దగ్గర పెడితే లాభం లేదు, మధ్యలో తీగ నలిగితే కాపాడేది బ్యాటరీ దగ్గరిదే.

టీవీ వెలిగింది, బొమ్మ ఎట్లా? నల్లమల లోయల్లో ఫోన్ సిగ్నలు చాలాచోట్ల దొరకదు. దొరికితే ఈ వ్యాసమంతా అక్కర్లేదు, ఫోన్ రెండు మూడు వాట్లతో పోతుంది. ఒక్కడు చూసుకోవడానికి దాన్ని మించింది లేదు, ఒప్పుకోవాలి. నలుగురు కలిసి చూడాలంటే, సిగ్నలు లేనిచోట, డిష్షే గతి. డీడీ ఫ్రీ డిష్ ఉపగ్రహం జీశాట్-15 భూమధ్యరేఖ మీద 93.5 డిగ్రీల తూర్పున, 36,000 కిలోమీటర్ల ఎత్తున కదలకుండా నిలబడినట్టు ఉంటుంది. కర్నూలు నుంచి చూస్తే అది సరిగ్గా ఆగ్నేయ మూలన, నేల నుంచి 64 డిగ్రీల ఎత్తులో ఉంటుంది. అరవై సెంటీమీటర్ల డిష్ చూపు వెడల్పు మూడు డిగ్రీలే. అంటే ఒకటిన్నర డిగ్రీలు అటో ఇటో జరిగితే సిగ్నలు సగానికి పడిపోతుంది. పక్కనుంచి ఇంకో బోటు పోతే లేచే అల దానికన్నా ఎక్కువ ఊపుతుంది. తెడ్డు ఆపితే చాలు తనచుట్టూ తాను తిరిగే పుట్టి సంగతి చెప్పనే అక్కర్లేదు. అలలకు తగ్గట్టు తానే తిరిగే డిష్షులు ఓడల మీద ఉంటాయి, వాటి ధరకు ఇంకో బోటు వస్తుంది.

ఉపాయం చిన్నదే. పడవ రేవులో కట్టినప్పుడే చూడండి. డిష్ ఒడ్డున రాయికి బిగించి, ముప్పై మీటర్ల కేబులు పడవలోకి లాగండి. డిష్ కొసన ఉండే చిన్న గిన్నెలాంటి పరికరానికి వేరే కరెంటు అక్కర్లేదు, బాక్సే అదే కేబులు గుండా 13 లేదా 18 వోల్టులు పంపిస్తుంది. చాలా సెట్‌టాప్ బాక్సులు 12 వోల్టులవే, టీవీతోపాటు అదే కన్వర్టరుకు తగిలించవచ్చు. బాక్సును రిమోటుతో ఆపితే ఆగినట్టు కాదు, నిద్రలోనూ ఇంచుమించు అంతే తింటుంది. తీగ మధ్యలో స్విచ్చు పెట్టి ఆపేయండి. నీళ్ళు తగ్గి రేవు దిగితే డిష్ కూడా దిగుతుంది, ఆగ్నేయం మాత్రం మారదు.

తెర వెలుగు కూడా ఒక ఖర్చే. టీవీ తినేదాంట్లో సింహభాగం వెనక లైట్లది. పట్టపగలు జలాశయం మీద లక్ష లక్సుల వెలుతురులో ఏ తెరా కనబడదు, పెంచి ప్రయోజనం లేదు. రాత్రి చీకట్లో సగానికి తగ్గించినా కళ్ళకు హాయిగా ఉంటుంది, బ్యాటరీకి ఇంకో గంట కలిసొస్తుంది.

సోమశిల నుంచి శ్రీశైలానికి ఏడు గంటలు నడిచే పర్యాటక లాంచీలాంటి వాటికి ఈ లెక్క వర్తించదు. అక్కడ పెద్ద ఇంజిన్, ఎయిర్ కండిషన్ గది, వందమంది జనం ఉంటారు. కరెంటు పని తెలిసినవాళ్ళు వేసిన వైరింగు అక్కడ ఉండి తీరాలి. గండికోటలోనో మైలవరంలోనో గంటసేపు తిప్పి దింపే బోట్లకు టీవీ అవసరమే లేదు, పెన్నా లోయ గోడలు చూడటానికి వచ్చినవాళ్ళు టీవీ చూడరు. నేను చెబుతున్నది నెలల తరబడి నీళ్ళ మీద బతికేవాళ్ళ గురించి.

బోటాయనకు కాగితం మీద రాసిచ్చినది ఇది: అడాప్టరు మీద 12 వోల్టులని రాసి ఉన్న 24 అంగుళాల సెట్టు, 60 ఆంపియర్-గంటల ట్యూబులర్ బ్యాటరీ, వంద వాట్ల పలక, బ్యాటరీ అతిగా చార్జి కాకుండా చూసే చార్జ్ కంట్రోలరు, డీసీ కన్వర్టరు, నాలుగు చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ, అయిదు ఆంపియర్ల ఫ్యూజు. ఆయన చదివి, "మా బామ్మర్ది ఇంట్లో ఇన్వర్టరు ఊరికే పడుండాది సార్, అది తెచ్చుకుంటే ఇంత పని తప్పుతాది గదా?" అన్నాడు.

తెచ్చుకోవచ్చు, గుడిసెలో పెట్టుకోవచ్చు. పడవలోకి మాత్రం ఎక్కించొద్దు.